చెరకు బండి వేళ

ఆ చలికాలం పొద్దున స్లౌ స్టేషన్లో లండన్ రైలు లేటు. నాకేమో ఉద్యోగం ఇంటర్వ్యూ, పైగా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. పక్కన మంకీ క్యాప్ పెద్దాయన తెలుగులో ఏదో రాసుకుంటున్నాడు.

“టైమెంత అంకుల్?”

“సాయంత్రం ఆరున్నర,” అన్నాడు వాచీ చూసి.

తెల్లబోయాను. అది ఆస్ట్రేలియా టైమట. అక్కడెప్పుడో మూసేసి, పట్టాలు కూడా పీకేసిన చెరకును మిల్లుకి చేరవేసే ట్రాము లైను చరిత్ర రాస్తున్నాడట.

“అక్కడికి వెళ్ళారా?”

“ఇక్కడికొచ్చిన ఫ్లైటుకే చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. పాత టైమ్‌టేబుల్ దొరికింది, చాలు. ఇప్పుడు మన బండి మిల్లు గేటు దాటుతుంటుంది.”

“పట్టాలే లేవుగా అంకుల్!”

“అయితేనేం బాబూ? మూసేసిన రోజు నుంచి ఒక్కరోజూ లేటవలేదు.”

ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఇప్పటికీ రైలు ఆలస్యమైతే నేను బోర్డు వైపు చూడను. ఆ చెరకు బండి ఎక్కడిదాకా వచ్చిందో లెక్కేసుకుంటాను.