నాటకంలో జరగని పెళ్ళి

చిన్నప్పుడు మా మామ భుజాలెక్కి తిరిగినదాన్ని. ఆయనతో నాకు పెళ్ళి ఖాయమై తాంబూలాలు పుచ్చుకున్నాక, ఆయన ఎదుటికే రాకూడదన్నారు. మామంటే మా అమ్మ సొంత తమ్ముడు. బి.ఏ. చదువుతూ వేసవి సెలవులకు మా ఊరు కోడుమూరు వచ్చాడు. పరీక్షకు పెట్టిన పాత ఇంగ్లీషు ప్రేమ నాటకాన్ని వసారాలో కూర్చుని గట్టిగా చదివి, తెలుగులో అర్థం చెప్పేవాడు. ఎవరి కోసం చెప్పేవాడో ఇంట్లో అందరికీ తెలుసు. నేను తలుపు వెనక ఉండేదాన్ని. గడప దగ్గర మా అవ్వ వేరుశనగకాయలు ఒలిచేది. ఏం మాట్లాడాలన్నా అవ్వ ద్వారానే.

నవ్వుల నాటకం అది. నాయికా నాయకులు మొదటినుంచీ ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటూనే ఉంటారు. తీరా చివర పెళ్ళి జరగదు. ఏడాది ఆగు, అప్పటికీ నీ మనసు మారకపోతే రా అంటుంది నాయిక.

"ఆ పిల్లకు పొగరు శానా. ముగింపంతా చెడిపోయింది" అని తేల్చేశాడు మామ.

నాకు ఒళ్ళు మండింది. కడపలో టీచరు ట్రైనింగుకు నాకు సీటు వచ్చింది. ముహూర్తమేమో వచ్చే నెలలోనే. చదువుతానని అమ్మతో అనే ధైర్యం నాకు లేదు.

"పొగరు కాదని చెప్పవ్వా. ఇష్టం లేకుంటే పొమ్మనే అంటాది. ఆగమనిందంటే ఇష్టముండబట్టే. ఆ పిల్లకు ఇంకా పనుండాది."

"పొగరు కాదంట" అంది అవ్వ.

"ఏం పనో అడుగుమ్మా."

"నా నోరు నొస్తాంది. మీరే మాట్లాడుకోండి" అని అవ్వ చేట తీసుకుని లేచిపోయింది. కావాలనే లేచిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక మధ్యలో మనిషి లేదు. ఎట్లాగో "కడపలో సీటొచ్చింది మామా. రెండేండ్లు" అన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. నేరుగా వంటింట్లోకి పోయాడు. "అక్కా, పెండ్లి రెండేండ్లు ఆపుదాం. అందాకా పిల్లను కడపలో చదవనీ."

"ఊర్లో ఏమని చెప్పాల్రా?"

"నేనే ఆగమన్యానని చెప్పు."

ఆ రెండేళ్ళూ ఊరు ఆయన్నే ఆడిపోసుకుంది. కాలేజీలో ఇంకెవరినో చూసుకున్నాడన్నారు. మా నాన్న ఆయనతో మాటలు మానేశాడు. ఆయన్ను తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఆగమన్నది నేనని ఆయన ఒక్కరితోనూ అనలేదు. పెళ్ళిపీటల మీద కూర్చున్నాక, మా నాన్నను దగ్గరికి పిలిచి ఆ మాట నేనే చెప్పాను.