ఎమర్జెన్సీ కౌంటర్‌ని ఆగనివ్వని మా విమల

నిన్న పొద్దున విమల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందక్కా" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. బుర్ర అంతగా మొద్దుబారిపోయింది.

హార్ట్ ఎటాక్. ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదట.

యలహంకలో వాళ్లింటికి వెళ్లి చూసొచ్చాను. అయినా నమ్మకం కుదరడం లేదు.

ఎనభైల చివర్లో బెంగళూరులో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో ఇద్దరం పక్కపక్క సీట్లలో పనిచేశాం. ఆపరేటింగ్ సిస్టమ్ టీమ్‌లో ఆడవాళ్లం మేమిద్దరమే.

మా మెషీన్ ఒకటి ఒక ఆస్పత్రిలో పెట్టారు. రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్, ఎమర్జెన్సీ... కౌంటర్‌కొక ప్రోగ్రాం.

ప్రతి ప్రోగ్రామూ అన్నిటికీ ఉమ్మడిగా కావలసిన లైబ్రరీ కోడ్‌ని తనలోనే కలుపుకుని ఉండేది. దీన్ని స్టాటిక్ లింకింగ్ అంటారు. గబుక్కున మొదలయ్యేది. కానీ అన్నీ కలిసి నడిస్తే ఉన్న కాస్త మెమరీ నిండిపోయి మెషీన్ ఈడ్చుకుంటూ నడిచేది. కౌంటర్ల ముందు జనం అలాగే నిలబడి ఉండేవారు.

విమల డైనమిక్ లింకింగ్ తెచ్చింది. లైబ్రరీ అన్నిటికీ కలిపి ఒకటే కాపీ. మొదలవడం కాస్త ఆలస్యమైనా, రోజంతా మెషీన్ హాయిగా నడిచింది.

ఎమర్జెన్సీ ప్రోగ్రాంని మాత్రం పాత పద్ధతిలోనే ఉంచింది. ఒక్కదానికోసం మెమరీ ఎందుకు వేస్ట్ చేయాలన్నాడు మేనేజర్.

"ఆ లైబ్రరీకి ఏమన్నా అయితే అన్నీ నిలిచిపోతాయి సార్. అదొక్కటన్నా దానంతట అది నడవాల" అంది. గట్టిగా అనలేదు. తగ్గనూ లేదు.

కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం, అదే జరిగింది. లైబ్రరీ కొత్త వెర్షన్ వేయగానే కౌంటర్లన్నీ ఆగిపోయాయి.

ఎమర్జెన్సీ ఒక్కటే నడుస్తోంది.

పాత వెర్షన్ తిరిగి పెట్టే పనిలో మేముంటే, విమల వెళ్లి ఆ కౌంటర్‌లో క్లర్కు పక్కన కూర్చుంది. ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డని భుజాన వేసుకుని వచ్చింది. పేరు కొడితే పాత రికార్డు వచ్చింది. పెనిసిలిన్ పడదు అని ఉంది.

బిడ్డని అప్పటికే లోపలికి తీసుకెళ్లారు. డాక్టర్‌కి ఆ మాట చెప్పడానికి విమల పరుగెత్తింది.

సమయానికి చెప్పగలిగింది.

తర్వాత బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "ఇన్నాళ్లూ మెమరీ మెమరీ అని కొట్లాడితిమి కదే పద్మా. ఆ బిడ్డ ఎంత చిన్నగా ఉండాదో చూస్తివా" అంది.

ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట. నిన్న నేను చెప్తుంటే విమల కూతురు నా చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

వెళ్లిరా విమలా. ఇక ఏ పరుగూ లేని చోట హాయిగా ఉండు.