నీచు గిట్టని పెద్దమ్మ

మేడమీది పెద్దమ్మకు నీచు వాసన గిట్టదు. ఎవరైనా చేపల సంచితో మెట్లెక్కారంటే చాలు, పైనుంచి కిందిదాకా కడిగించాల్సిందే. పొద్దున్నే అద్దం ముందు బుగ్గలు పైకి లాగి చూసుకుని, పటపటమనే మోకాళ్ళను తిట్టుకుంటూ గ్లాసులో కొలాజెన్ పొడి కలుపుతుంది. ఆ గ్లాసు చుట్టూ పక్కింటి పిల్లి ఒకటే ప్రదక్షిణలు. "దీనికీ ముడతలు పోవాలి కాబోలు!" అని పెద్దమ్మ మురిసిపోతుంది.

ఓ రోజు కోడలు పొడి డబ్బా తిప్పి చూసి, "అత్తయ్యా, ఇది చేప తోలుతో చేసిందటండీ!" అంది. గ్లాసెత్తిన పెద్దమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒకసారి పిల్లిని, ఒకసారి అద్దాన్ని చూసింది. "చదివితే చదివావు, పైకి చదవమని ఎవరన్నారు?" అని కసిరి, పిల్లిని బయటికి గెంటి, తలుపేసి, ముక్కు మూసుకుని గటగటా తాగేసింది. ఆనక, పిల్లి దిగి వెళ్ళిన మెట్లు కడిగించింది.