జానంపేట రాళ్ల దాకా, మా కారులో

ఖమ్మం నుంచి జానంపేట రాక్షస గుళ్లకు సొంత బండిలో వెళ్లాలనుకునేవాళ్లు తెల్లవారుతుండగానే బయలుదేరడం మంచిది. కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు మీదుగా ఒక పూట ప్రయాణం. మణుగూరు దాటాక చెప్పుకోదగ్గ హోటళ్లు మాకు కనిపించలేదు కాబట్టి తిండి వెంట ఉంచుకోవాలి. మందులు వాడేవాళ్లుంటే అవి కూడా. మేము తిండి తీసుకెళ్లాం. మందుల సంగతి చెబుతాను.

మా అమ్మాయి హాసిని ఎనిమిదో తరగతి. జానంపేట అడవిలో వేల ఏళ్ల కిందటి సమాధులు ఉన్నాయని, వాటినే రాక్షస గుళ్లంటారని వాళ్ల సోషల్ టీచరు చెప్పినప్పటి నుంచీ చూపించమని పట్టుబట్టింది. మావారు రమేశ్ వేసవిలో తీసుకెళతానని మాటిచ్చారు. ఆయన విత్తనాల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం చేసేవారు. మణుగూరు వైపు దారులన్నీ ఆయనకు కొట్టిన పిండి. కానీ వేసవి రాకముందే ఒకరోజు ఆఫీసులో ఫిట్స్ వచ్చి పడిపోయారు. డాక్టరు మాత్రలు రాసి, తాను చెప్పేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. కంపెనీ ఆయన్ను ఆఫీసు పనికి మార్చింది. హాసినికి మాత్రం బీపీ పడిపోయిందని చెప్పాం. చిన్నపిల్ల బెదిరిపోతుందని ఆయనే అలా చెప్పమన్నారు.

నేను ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు చూస్తాను. లైసెన్సు ఉంది గానీ, ఖమ్మంలోనే ఖానాపురం హవేలిలో మా ఇంటి నుంచి ఆఫీసుకు, అక్కణ్నుంచి కూరగాయల మార్కెట్టుకు తప్ప కారు తీసిందాన్ని కాదు. దసరా వెళ్లాక ఒక శనివారం ఆయనే కదిపారు. "రేపు పోదాం. నువ్వు నడుపు, నేను పక్కన కూసుంట," అన్నారు. ఇంటికీ ఆఫీసుకీ పరిమితమయ్యాక ఆయన మాటే తగ్గిపోయింది. అందుకే నాకు వద్దనడానికి నోరు రాలేదు.

ఆదివారం ఆరు గంటలకు బయలుదేరాం. వైరా దాకా రోడ్డు మీద మంచు. తల్లాడ దాటాక పత్తి లోడు లారీలు ఎదురయ్యాయి. లారీలకు రెండు వైపులా పొంగుకొచ్చిన ఆ పత్తి బస్తాలను చూస్తే కారును ఒరుసుకుపోతాయేమోననిపించేది. చేతులకు చెమట పట్టి స్టీరింగు జారుతుంటే చున్నీకి తుడుచుకుంటూ నడిపాను. ఆయన కళ్లు రోడ్డు మీదనుంచి తిప్పలేదు. గేరు మార్చమని, అద్దం చూడమని, లారీని ముందుకు పోనివ్వమని చెబుతూనే ఉన్నారు.

ఎనిమిదిన్నరకు కొత్తగూడెం చేరి ఇడ్లీ, మైసూర్ బోండా తిన్నాం. టిఫిన్ తెచ్చిచ్చినాయన ఎక్కడికని అడిగాడు. చెబితే నవ్వాడు. "అక్కడేముంటదమ్మా, రాళ్లే గదా," అన్నాడు. రాళ్ల కోసమే పోతున్నామని హాసిని చెప్పింది. టిఫినయ్యాక మావారు మాత్ర తీయలేదు. ఇంటి దగ్గరే వేసుకున్నారనుకుని నేను అడగలేదు.

పాల్వంచ, సారపాక, అశ్వాపురం. అక్కణ్నుంచి దారి పొడుగునా టేకు చెట్లు, మద్దిచెట్లు, మధ్యమధ్య పత్తి చేలు. మణుగూరులో బొగ్గు టిప్పర్ల మధ్య ఇరుక్కుని చాలాసేపు నత్తనడక నడిచాం. పినపాక దాటి జానంపేట చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఫోనులో సిగ్నల్ అప్పటికే పోయింది.

టిక్కెట్టు లేదు, అడిగేవాళ్లు లేరు. ఎర్రమట్టి నేల మీద చెట్ల మధ్య రాతి గూళ్లు. నాలుగు వైపులా నిలబెట్టిన బండ పలకలు, పైకప్పుగా గదంత ఒంటి పలక, చుట్టూ వలయంగా పాతిన రాళ్లు. ఒకటి చూసి తలెత్తితే ఇంకొకటి, దాని వెనక మరొకటి. కొన్నిటి కప్పు ఒక పక్కకు జారిపోయింది. కొన్నిటిలో మనిషి పట్టేంత రాతి తొట్టి ఉంది. హాసిని ఒక్కో దాంట్లోకి వంగి చూస్తూ, తొట్టి కనిపించినప్పుడల్లా వాళ్ల నాన్నను పిలిచింది. ఆ బండల్ని అంత ఎత్తుకు ఎట్లా లేపారో ఆయన చేతులు తిప్పుతూ తనకు తోచినట్టు చెప్పారు. చాలా రోజులకు ఆయన గొంతు మునుపటిలా వినిపించింది.

ఒక చెట్టు కింద పెరుగన్నం తిన్నాం. అప్పుడు అడిగాను మాత్ర గురించి. ఆయన హాసిని దూరంగా వెళ్లేదాకా ఆగారు.

"నిన్న రాత్రిది, పొద్దుటిది వేసుకోలే. వేసుకుంటే నిద్ర ముంచుకొస్తది. నువ్వు మొదటిసారి ఇంత దూరం నడుపుతున్నవ్. నేను పండుకుంటే ఎట్ల?"

మాత్రలేవంటే ఇంట్లోనే ఉన్నాయన్నారు. నాకు కోపం వచ్చింది. దాని వెనకే భయం వచ్చి కోపాన్ని మింగేసింది. మణుగూరులో మందుల షాపు ఉంటుంది, అక్కడ కొనుక్కుందామని అప్పటికప్పుడు గిన్నెలు సర్దాను. ఇంకా సగం కూడా చూడలేదని హాసిని మొహం మాడ్చుకుంది.

పినపాక దాటిన కాసేపటికి, ఎదురుగా వస్తున్న ట్రాక్టరు గురించి ఆయన ఏదో చెప్పబోయి మధ్యలో ఆగిపోయారు. చెయ్యి కొయ్యబారి నా మోచేతి మీద పడింది. తల అద్దానికి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. కారు ఎట్లా పక్కకు తీశానో నాకు గుర్తు లేదు. ఇంజను ఆగింది. బెల్టు విప్పి, సీటు వెనక్కి వాల్చి, ఆయన్ను నా వైపు తిప్పి పట్టుకున్నాను. హాసిని నీళ్ల సీసా మూత తీసి ముందుకు వంగింది. వద్దని అరిచాను. ఫోను చూస్తే అందులో ఒక్క గీత కూడా లేదు.

పక్క చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు పరుగున వచ్చారు. వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటూ, నాతో తెలుగులో మాట్లాడారు. సమ్మక్క అనే నడివయసు మనిషి ఆయన తల కింద తన తువ్వాలు మడిచి పెట్టింది. ఆమె భర్త మోపెడ్ ఆపి, ఇనుము పట్టిస్తే తగ్గుతుందంటూ తాళంచెవులు మావారి గుప్పిట్లో పెట్టాడు. దానివల్ల పోయేదేమీ లేదని ఊరుకున్నాను. నోట్లో మాత్రం ఏమీ పెట్టొద్దన్నాను.

ఒళ్లు వదులైంది. ఊపిరి గురకలా మొదలైంది. కళ్లు తెరిచారు గానీ నన్ను గుర్తుపట్టలేదు. అందరూ కలిసి ఆయన్ను వెనక సీట్లోకి మార్చారు. సమ్మక్క అడక్కుండానే ఎక్కి ఆయన తలను ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు బండి నడుపమ్మా. ఈయన్ను నేను పట్టుకుంట," అంది.

తాళం తిప్పితే కారు ముందుకు ఎగిరి ఆగిపోయింది. క్లచ్చు తొక్కడం మరిచిపోయాను. రెండోసారి కదిలింది. హాసిని నా పక్కన, ఒళ్లో నీళ్ల సీసాతో బిగుసుకుపోయి కూర్చుంది. ఎదురొచ్చే ప్రతి టిప్పరుకూ పక్కకు తీసి దారిస్తూ మణుగూరు చేరాను.

అక్కడ ఒక ప్రైవేటు దవాఖానాలో ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. మాత్రలు ఆపినందుకే వచ్చిందని, సాయంత్రం దాకా చూసి పంపిస్తామని, ఖమ్మం వెళ్లగానే ఆయన డాక్టరుకు చూపించమని అక్కడి డాక్టరు చెప్పాడు. మావారు నన్ను పేరు పెట్టి పిలిచేదాకా సమ్మక్క గోడకు ఆనుకుని నిలబడే ఉంది. తర్వాత పత్తి సంచి చేలోనే వదిలొచ్చానంటూ, మా వెనకే వచ్చిన భర్త మోపెడ్ ఎక్కి వెళ్లిపోయింది. ఆమె తువ్వాలు మా కారులోనే ఉండిపోయిందని ఇంటికి వచ్చాక గాని చూసుకోలేదు.

దవాఖానా వరండాలో బల్ల మీద హాసిని నా పక్కకు జరిగి, "బీపీ అంటే గిట్ల కాదు గదా మమ్మీ," అంది. కాదన్నాను.

ఐదు కావస్తుండగా వదిలారు. ఆయనా హాసినీ వెనక కూర్చున్నారు. పాల్వంచలో టీ తాగాం. కొత్తగూడెం దాటేసరికి చీకటి పడింది. జూలూరుపాడు దగ్గర అనుకుంటా, హాసిని అడిగింది, మళ్ల వస్తదా డాడీ అని. ఇంట్లో అయితే ఇద్దరిలో ఎవరో ఒకరం మాట మార్చేవాళ్లం. ఈసారి ఆయన మార్చలేదు.

"దాన్ని ఫిట్స్ అంటరు బిడ్డా. మందులు సక్కగ వేసుకుంటే రాకపోవచ్చు. వచ్చినా రావొచ్చు."

"వస్తే నేనేం చెయ్యాలె?"

"పక్కకు తిప్పి పండబెట్టు. నోట్లో ఏం పెట్టకు. మమ్మీని పిలువు. నువ్వు నా పక్కనే ఉండు, కాసేపటికి నేనే లేస్త."

జానంపేట గురించి ఎవరడిగినా తప్పక చూడమనే చెబుతాను. మేము చూసింది సగమే, అయినా అలాంటి చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంటినుంచి బయలుదేరిన క్షణం నుంచీ పట్టుకున్న భయం తిరుగుదారిలోనూ నన్ను వదల్లేదు. కానీ జూలూరుపాడు దాకా దాన్ని ముగ్గురం ఎవరికి వాళ్లం మోసుకొచ్చాం. ఆ తర్వాత అలా కాదు.

హాసిని కారులోనే వాళ్ల నాన్న చెప్పినవన్నీ ఒకసారి తిరిగి ఒప్పజెప్పింది. ఒకటి మరిచిపోతే ఆయన అందించారు. వైరాకు ముందు లారీల వరుస తగిలింది. దాటాలని తొందరపడలేదు. వాటి వెనకే నెమ్మదిగా నడుపుకుంటూ ఖమ్మం చేరాను.