మా ఇంటి బల్ల మీది నీళ్ళు

దయ్యాలున్నాయని నేను నమ్మను. ఇదంతా చదివాక కూడా నన్ను నమ్మేవాళ్ళలో కలిపేస్తే ఊరుకోను. నేను బడిపంతులమ్మని. ఉప్పునీళ్ళు ఎండితే నీళ్ళు పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదని ఐదో తరగతి పిల్లలకి బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని. మా పేటలో ఎవరైనా గాలి సోకిందనో, ఫలానా ఆమె చిల్లంగి పెట్టిందనో మొదలుపెడితే నవ్వి లేచిపోయేదాన్ని. అలాంటి నాకే చివరికి చిల్లంగిదని పేరు పెట్టారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

ఇది అరవైల్లో సంగతి. నరసరావుపేటలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం, మా అమ్మా నేనూ. నాన్న అంతకుముందే పోయాడు. ఊరి చివర క్రైస్తవుల సమాధుల దొడ్డిలో ఆయన్ని పెట్టి, పక్కన అమ్మకి చోటు వదిలిపెట్టాం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే హక్కు అప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను.

అమ్మ పుట్టిన ఊరు మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డున. పేరు చెప్పినా ఇప్పుడు మ్యాపులో దొరకదు. సాగర్ డ్యాం కడుతున్నప్పుడు ఆ లోయలో ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. తర్వాత అన్నిటి మీదా నీళ్ళు నిలిచాయి. ఖాళీ చేసే రోజుల్లో జనం తలుపులూ దూలాలూ ఊడదీసుకుని పోతుంటే, మా అమ్మ మాత్రం వాళ్ళమ్మ ఇంట్లో నీళ్ళ కుండలు పెట్టుకునే నాపరాయి బండ కావాలని కూర్చుంది. లారీవాడు ఆమెని ఎగాదిగా చూశాడు. కుండలు నిలిచీ నిలిచీ ఆ బండ మీద గుండ్రంగా పల్లాలు పడి ఉన్నాయి. దాన్ని తెచ్చి మా వెనకగదిలో, కిటికీ కింద, ఇటుకల మీద నిలబెట్టాం.

అమ్మ దాన్ని బండ అనేది. ఇటుకల మీద పెట్టాక నాకది బల్లలాగా ఉందని నేను బల్ల అనడం మొదలుపెట్టాను. ఆ మాటే మా కొంప ముంచింది.

మొదట్లో దాని మీద పిల్లల పలకలూ పుస్తకాలూ పడేసేదాన్ని. ఒకరోజు బడిలో హెడ్మాస్టరుతో గొడవపడి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, అవన్నీ తీసేసి బండ తుడిచి, దాని మీద రెండు అరచేతులూ ఆనించి ఊరికే కూర్చున్నాను. లేచేసరికి మనసు కుదుటపడింది. మర్నాడూ కూర్చున్నాను. అలా అలవాటైంది.

పొద్దు వాలగానే తడిగుడ్డతో బల్ల తుడిచేదాన్ని. ఒక మూల గళ్ళుప్పు, ఒక మూల వేపరెమ్మ, మధ్యలో నూనెదీపం. ఒక పల్లంలో ఇత్తడి గ్లాసుతో నీళ్ళు. ఆ పూట కాల్చిన జొన్నరొట్టెలో మొదటి ముక్క. తర్వాత మా అమ్మమ్మ పేరు, ఆమెని కన్నామె పేరు, అమ్మకి గుర్తున్నంత వరకూ ఆ ఇంటి ఆడవాళ్ళ పేర్లన్నీ చెప్పుకునేదాన్ని. పేరు తెలియనివాళ్ళని ‘ఆ పైన అమ్మలు’ అనేదాన్ని. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. వేప ఎందుకంటే ఆ వాసన నాకిష్టం. ఉప్పు ఎందుకంటే గుప్పిట్లో ఉప్పు పట్టుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. మార్చాలనిపిస్తే మార్చేదాన్ని, మిరపకోతల రోజుల్లో ఒక పండు మిరపకాయ కూడా పెట్టేదాన్ని. తెల్లారాక రొట్టెముక్క పిచ్చికలకీ, నీళ్ళు బంతిమొక్కకీ పోయేవి.

దాన్ని ప్రార్థన అనాలో పూజ అనాలో నాకు తెలియదు. ఆదివారం మానకుండా చర్చికీ వెళ్ళేదాన్ని. ఏసుప్రభువుకి నా బల్లతో తగాదా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో అమ్మ మంచాన పడింది. జ్వరం తగ్గింది గానీ నీళ్ళు తాగడం మానేసింది. మా వీధి బావిలో నీళ్ళు ఉప్పన. తాగడానికి బండి మీద చెరువునీళ్ళు తెచ్చి పోసేవాళ్ళు. ఆవిడకి అవి నాచు కంపు. బలవంతంగా పోస్తే సగం బయటికే వచ్చేవి. నీళ్ళు పట్టించకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మనిషి కళ్ళముందే వాడిపోతుంటే చెంబు పట్టుకుని మంచం పక్కన నిలబడటం ఎంత నరకమో నాకు తెలుసు.

ఒక ఉదయం అమ్మ నోరు పిడచకట్టి సైగ చేసింది. మంచం వెనకగది గుమ్మం పక్కనే, చేతికి దగ్గరగా ఉన్నది బల్ల మీది గ్లాసే. బావినీళ్ళని తెలిసీ కంగారులో అదే తీసి నోటికి పెట్టాను. ఉమ్మేస్తుందనుకున్నాను. గటగటా తాగి గ్లాసు ఖాళీ చేసింది.

“చెలమ నీళ్ళు గదే ఇయ్యి. యాడ దొరికినయ్ నీకు?” అంది.

వేసవిలో కృష్ణ సన్నబడ్డప్పుడు ఇసుకలో చేత్తో గుంట తవ్వితే నీళ్ళు ఊరతాయి. అదే చెలమ. నా చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి ఆ నీళ్ళు కొబ్బరిచిప్పతో ముంచుకు తాగాను. చల్లగా, తడి ఇసుక రుచితో ఉంటాయి. గ్లాసులో మిగిలిన చుక్కలు నాలుక మీద వేసుకున్నాను. అమ్మ పలవరించడం లేదు. అవి అవే.

గ్లాసు అడుగున ఇసుక ఉంది. సన్నగా, వెలుగులో మిలమిలలాడుతూ ఉంది. మా బావి రాతిని తొలిచి తవ్విన బావి. పైగా నేను నీళ్ళు గుడ్డలో వడపోసి గానీ బిందెలో పోయను.

అప్పుడు నాకు భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. నా ఇంట్లో ఎవరో నాతో ఆడుకుంటున్నారనుకున్నాను. ఆ సాయంత్రం ఒకే బిందెలో నీళ్ళు రెండు గ్లాసుల్లో పోసి ఒకటి బల్ల మీద, ఒకటి కిటికీలో పెట్టాను. కిటికీ మూసి, గదికి తాళం వేసి, తాళంచెవి నా కొంగున ముడివేసుకున్నాను. తెల్లారాక చూస్తే కిటికీలోవి ఉప్పన, బల్ల మీదివి చెలమనీళ్ళు. గ్లాసులు మార్చి చూశాను. ఇత్తడిది తీసి గాజుది పెట్టాను. ఏది పెట్టినా అంతే. నా నాలుకని నమ్మలేక పక్కింటి బీబమ్మని పిలిచాను. పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది, ఆమె నోట అబద్ధం నేనెప్పుడూ వినలేదు. ఆమె రెండూ తాగి, “టీచరమ్మా, ఇయ్యి మన బాయి నీళ్ళు గాదు,” అని గ్లాసు కింద పెట్టి తలకి కొంగు కప్పుకుంది.

నేను వెతకగలిగినంత వెతికాను. తర్వాత వెతకడం మానేశాను. అమ్మ తాగుతోంది, నాకంతే కావాలి. కొన్నాళ్ళకి లేచి గోడకి ఆనుకుని కూర్చోగలిగింది. గంజిలో ఉప్పు చాలలేదని నన్ను తిట్టింది కూడా.

గొడవ బావి దగ్గర పుట్టింది. మా చర్చి సంఘపెద్ద భార్య నా కోసం అడిగితే, బీబమ్మ మంచి మనసుతోనే, టీచరమ్మ పొద్దుగూకితే బల్ల దగ్గర కూర్చుంటుంది, రొట్టె పెట్టి గ్లాసు పెట్టి అమ్మకి తాగిస్తుంది, అప్పుడు పిలవకూడదు అని చెప్పింది.

మా క్రైస్తవుల ఇళ్ళలో బల్ల అంటే ఒకటే అర్థం. ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం. అది ఇచ్చే అధికారం పాస్టరు గారికే ఉంది. ఆయన్ని మేం అయ్యగారు అంటాం. టీచరమ్మ సొంతంగా ఇంట్లో బల్ల పెట్టి తల్లికి ఇస్తోందని చీకటిపడేలోగా పేటంతా పాకింది.

అయ్యగారు ఇద్దరు పెద్దల్ని వెంటేసుకుని వచ్చారు. మంచి మనిషే ఆయన. స్త్రీవి, నీకు బల్ల ఇచ్చే అధికారం ఎవరిచ్చారని మర్యాదగానే అడిగారు. నాకు నవ్వు ఆగలేదు. అది జొన్నరొట్టేననీ, బల్లంటే బండేననీ చెప్పి వెనకగదిలోకి తీసుకెళ్ళి చూపించాను. చూపించకుండా ఉండాల్సిందేమో. ఉప్పూ, వేపాకూ, నూనెదీపం చూడగానే పెద్దల్లో ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇది బల్ల గాదు అయ్యగారూ, చిల్లంగి,” అన్నాడు.

“చిల్లంగే అనుకోండి. మా అమ్మ దీంతోనే బతికింది,” అన్నాను.

నా జీతం పంచాయతీ సమితి ఇచ్చేది, సంఘం కాదు. నా కూడు తీయలేరు కాబట్టి అమ్మ జోలికొచ్చారు. బండ పగలగొట్టి పారెయ్యాలి, లేకపోతే మా ఇద్దరినీ బల్ల నుంచి తప్పిస్తామన్నారు. బల్ల తప్పినవాళ్ళకి సమాధుల దొడ్డిలో చోటుండదు. నాన్న పక్కన వదిలిపెట్టిన చోటు గురించే వాళ్ళు మాట్లాడుతున్నారని అందరికీ తెలుసు.

నేను పొద్దుటి గ్లాసులో మిగిలిన నీళ్ళు అయ్యగారికి అందించాను. తాగి చెప్పండి అన్నాను. పెద్దలు వద్దంటున్నా ఆయన పుచ్చుకున్నారు. ఒక గుక్క తాగి ఆగారు. తర్వాత మిగతావీ తాగేసి, గ్లాసు వంచి అడుగున ఇసుకని వేళ్ళ మధ్య నలిపి చూశారు. ఆదివారం దాకా ఆలోచించుకోమ్మా అని చెప్పి వెళ్ళిపోయారు.

వాళ్ళ ముందు ఎగిరానే గానీ, వాళ్ళు పోయాక ఏడ్చాను. అమ్మకి నాన్న పక్కన పడుకోవడం కన్నా వేరే కోరిక లేదు. అంతకుముందేడు దాకా పండగ పండగకీ వెళ్ళి ఆ చోటు తనే ఊడ్చి వచ్చేది. ఒక రాయి కోసం అది పోగొట్టే హక్కు నాకెక్కడిది? మంచం పట్టె మీద కూర్చుని, బండ తీసేస్తానమ్మా అన్నాను.

“మీ నాయన పక్కన పడుకునేది చచ్చినాక గదే,” అంది అమ్మ. “దప్పిక నాకిప్పుడు.”

ఆ మాటతో నాలో ఉన్న జంకు పోయింది.

ఆదివారం మా పేర్లు చదివారు. బల్ల వడ్డించేటప్పుడు నన్ను బయటికి వెళ్ళమన్నారు. నేను లేవలేదు. చాప మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. నన్ను దాటి పక్కామెకి ఇచ్చుకుంటూ పోయారు.

అమ్మ ఎండాకాలమంతా ఆ నీళ్ళే తాగింది. వానలు మొదలయ్యాక నిద్రలో పోయింది. మొహంలో బాధ లేదు, పెదాలు తడిగా ఉన్నాయి.

దొడ్డిలో చోటు ఇచ్చేది లేదన్నారు. బాప్తిస్మం కాకుండా పోయిన పసిపిల్లల్ని గోడ బయట పూడ్చేవాళ్ళు. అక్కడే గుంట తీయించాను. తీసింది బీబమ్మ భర్తా, ఆయన అన్నదమ్ములూ. మా సంఘం నుంచి ఎవరూ రాలేదు, ఒక్క అయ్యగారు తప్ప. పాస్టరు అంగీ వేసుకోలేదు, పుస్తకం తేలేదు. దూరంగా నిలబడ్డారు. ప్రార్థన చేసేవాళ్ళు లేరు కాబట్టి నేనే చేశాను. మా అమ్మమ్మతో మొదలుపెట్టి ఆ ఆడవాళ్ళ పేర్లన్నీ గోడ అవతలికి వినపడేలా పిలిచాను. ‘ఆ పైన అమ్మలూ, మీ బిడ్డ వస్తోంది, చూసుకోండి’ అన్నాను. ఇంతకన్నా మంచి ప్రార్థన ఉంటే చెప్పమనండి.

మర్నాడు ఉదయం బల్ల మీది నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఆ తర్వాత ఏ రోజూ మారలేదు.

కొన్నేళ్ళకి అయ్యగారికి బదిలీ అయింది. వెళ్ళేముందు బడికి వచ్చారు. పిల్లల్ని ఆటకి వదిలేసి వేపచెట్టు కింద నిలబడ్డాం. ఆయన చాలాసేపు వేరే మాటలేవో చెప్పి, చివరికి అడిగారు.

“ఆ రోజు నాకిచ్చిన నీళ్ళు ఎక్కడివమ్మా?”

“బల్ల మీదివండీ.”

“ఇప్పుడూ అట్లాగే ఉంటన్నయ్యా?”

అమ్మతోనే పోయాయని చెప్పాను. బల్ల మాత్రం ఇప్పటికీ పెడుతున్నానని కూడా చెప్పాను. నీళ్ళే మారనప్పుడు ఇంకా ఎందుకు పెడుతున్నావని అడిగారు. వెటకారం లేదు ఆ అడగడంలో.

“మీరు నెలనెలా ఇచ్చే రసం రుచి మారుతుందాండీ? అయినా ఇస్తన్నారు గదా.”

ఆయన నా వైపు చూసి, తల వంచుకుని, వెళ్ళొస్తానమ్మా అన్నారు. నేను మొట్టమొదటిసారి ఆయనకి మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాను.

ఉప్పు ఎటు పోయిందో నాకు తెలియదు. మునిగిపోయిన ఊరి ఇసుక తాళం వేసిన గదిలోకి ఎలా వచ్చిందో తెలియదు. మహిమ అని చెప్పుకుని గొప్పకి పోను, దయ్యమని చెప్పి భయపడను. నా పాఠంలో దానికి జవాబు లేదు, అంతే. ఈ సాయంత్రం కూడా బల్ల తుడిచి గ్లాసు పెట్టాను. బంతిమొక్కకి పోయడం ఎప్పుడో మానేశాను. తెల్లారాక నోట్లో పోసుకుంటే ఉప్పగానే ఉంటాయి. తాగేస్తాను.