ఇంటి గోడకు ఇత్తడి బిళ్ళ

నన్ను బేఫికర్‌గాడు అన్నోళ్లందరికి ముందుగాల్నే చెప్తున్న, నాకున్నంత ఫికర్ మీలో ఎవ్వలికి లేదు. ముప్పై ఎనిమిదేండ్లున్నయి నాకు. టోపీ మరుస్త, టిఫిన్ డబ్బా మరుస్త, ఎదుటోళ్లు చెప్పేది సగంల్నే మరుస్త. మరిచినందుకు తిన్న తిట్లు మాత్రం ఒక్కటి గూడ మరువ.

మా బొగ్గు బాయిల ఒక పద్ధతున్నది. దిగేటప్పుడు ల్యాంపు రూముల మన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే లైటు తీసుకోవాలె. పైకొచ్చినంక లైటు అప్పజెప్పి బిళ్ళ వాపసు తీసుకోవాలె. బిళ్ళ ల్యాంపు రూము బోర్డు మీదనే ఉన్నదంటే మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు.

ఆ దినం ఫస్టు షిఫ్టు చేసి పైకొచ్చిన. బండి టైరు సంగతి యాదికొచ్చింది. అంతే, తలకు లైటు, నడుముకు దాని బ్యాటరీ అట్లనే ఉన్నయి, బండెక్కి బసంత్‌నగర్ పోయిన. ఫోను పొద్దుగాల్నే ఇంట్ల మరిచిన. సాయంత్రం తిరిగొస్తుంటే గేటు కాడ మందికి మంది. మా ఆమె నేల మీద కూసొని ఏడుస్తున్నది. షిఫ్టు అయిపోయినోళ్లు మళ్ల లోపలికి దిగి, నన్ను పిలుసుకుంట తిరుగుతున్నరట. నేనేమో కొత్త టైరు పట్టుకొని నిలబడ్డ.

అందరి తిట్లు చెప్పుకుంట కూసుంటే తెల్లారుతది. ఆఫీసరు మాత్రం అందరి ముంగట, "నీలాంటోడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నడు. ఆ మాట నాకు నేను ఇరవై ఏండ్ల సంది చెప్పుకుంటనే ఉన్న. ఇంకొకని నోట్లకెళ్లి వచ్చేసరికి నమ్మిన. నేను పోతే అందరు సుఖపడతరనిపించింది.

మా ఆమె నా మొఖం చూసి పసిగట్టింది. తెల్లారే కరీంనగర్ దవాఖానకు తోలుకపోయింది. డాక్టరమ్మ ఆంధ్రా దిక్కు మనిషి. బడి కాన్నుంచి డ్యూటీ దాక అన్ని అడిగి, ఆఖరుకు "చచ్చిపోవాలనిపిస్తుందా?" అన్నది. కూరల ఉప్పు సరిపోయిందా అన్నట్టే అడిగింది. అప్పటిదాక ఎవ్వలు అడగలే. అనిపిస్తదని చెప్పిన. మా ఆమె నా చెయ్యి పట్టుకున్నది, ఇంటికొచ్చేదాక ఇడవలే.

నా మతిమరుపుకు, మనసు ఒక్కకాడ నిలువకపోవుడుకు పేరు ఏడీహెచ్‌డీ అట. పోరగాండ్లకే అనుకుంటరు గని పెద్దయినంక గూడ ఉంటదట, సోమరితనం కాదట. ఇదున్నోళ్లకు చావు ఆలోచన మిగిలినోళ్లకన్న ఎక్కువ వస్తదన్నది. ఏండ్ల కొద్ది పడ్డ మాటలు ఒక దిక్కు, మనసుల పుట్టిందానికి చేసేదానికి నడుమ ఆగే జాగ తక్కువుండుడు ఇంకో దిక్కు. గోలీలు రాసింది. ఆ ఆలోచనొస్తే ఎవ్వలికి చెప్తవో ముందుగాల్నే ఖాయం చేసుకొమ్మన్నది.

బస్సుల కూసున్నంక నాకు మంట లేసింది. ప్రమాదమున్న మనిషినట! ఉంటే ఏంది? బాయిల కప్పు కూలే ప్రమాదం దినాం ఉంటది. దిగేటోన్ని ఎవడన్న పిరికోడంటడా? కప్పు కింద మొద్దులు నిలబెడ్తరు, చేతికి బిళ్ళ ఇస్తరు. నాకు గూడ ఒక బిళ్ళ కావాలె అనుకున్న.

ల్యాంపు రూముల పని చేసే కాక బెల్లంపల్లి మనిషి. అక్కడ తను పని చేసిన బాయి బందయినప్పుడు దాసుకున్న బిళ్ళ నాకిచ్చిండు. "తిట్టినోళ్లే నీ కోసం దిగిన్రురా, ఆ సంగతి మాత్రం మరువకు" అన్నడు.

తలుపు పక్కన మొల కొట్టిన. డ్యూటీ నుంచి వచ్చి, మంచిగుంటే బిళ్ళ మొలకు తగిలియ్యాలె. ఆ ఆలోచనొస్తే నోరు తెరిచే పని లేదు, బిళ్ళ మా ఆమె చేతుల పెట్టాలె. నేను మతిమరుపోన్ని కదా, జేబుల పెట్టుకొనే బజారుకు పోయిన. మొల ఖాళీగ చూసి రెండుసార్లు ఆమె ఉరికొచ్చి బజారంత దేవులాడింది. దోస్తులు నవ్విన్రు. నవ్వనీ, నాకేంది.

పోయిన ఎండకాలం మళ్ల ఏదో మరిచి మెమో తీసుకున్న. ఇంటికొచ్చి మొల కాడికి పోయిన. చెయ్యి ఆగింది. సక్కగ వంటింట్లకు పోయి, పిండి అంటిన ఆమె చేతుల బిళ్ళ పెట్టిన. ఎందుకని అడగలే. స్టవ్వు బంద్ చేసి, డాక్టరమ్మకు ఫోను కలిపి, నా పక్కన కింద కూసున్నది.

"ఉన్నకాడనే ఉండు. నేను దిగుతున్న" అన్నది.

ఇయ్యాల ఫస్టు షిఫ్టు చేసొచ్చిన. బిళ్ళ మొలకున్నది. ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అన్న సారూ, ఒకసారి మా ఇంటికి రా, వచ్చి చూడు.