సుద్ద గుర్తు పెట్టని మూల

మా కాంపౌండులో దొంగ పడ్డాడు. ఆరు వాటాల వాళ్ళ సామానూ పెరట్లో ఉండగా, మా అమ్మ పెట్టిన ఇత్తడి గుండిగ ఒక్కటే ఎత్తుకుపోయాడు. వాడి చేతులు పడిపోను! ఇన్నేళ్ళయినా ఆ గుండిగ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇంటికొకటి వస్తున్న రోజులు. అనకాపల్లిలో మేముండే కాంపౌండుకి ముందు గేటు, మధ్యలో నుయ్యి, వెనక చివర అందరికీ కలిపి బాత్రూములు. మూడు వాటాల వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు, మిగిలిన మూడూ మాలాంటి వాళ్ళవి. పండక్కి ఎవరింట్లో ఏం వండినా ఆరు గిన్నెల్లోకి సర్దాల్సిందే. వెనక చివరి వాటాలో రిటైరైన నర్సు ఒకావిడ ఒక్కర్తే ఉండేది. నర్సమ్మగారు అనేవాళ్ళం.

మా ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త. అత్తది గొలుగొండ దగ్గర చెరుకు పండించే ఇల్లు. షుగరు వల్ల చూపు తగ్గుతోందని డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు. ఒకరోజు సాయంత్రం నన్ను చూసి పక్కవాటా ఆవిడ అనుకుని, నా మీద చాడీలన్నీ నాకే చెప్పింది. చివరిదాకా విని, "ఇంకేమైనా ఉన్నాయా అత్తా?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కానీ చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. పొద్దుగూకాక బాత్రూముకి బయల్దేరితే నేను వెనకాలే వెళ్ళేదాన్ని. చెయ్యి అందుకోబోయి గాజుల చప్పుడైందా, కసిరేది.

"సెయ్యి ఒగ్గే! నానేటి గుడ్డిదాన్నా? నాకు దారి తెల్దా?"

పొలం, ఊరు, పెత్తనం అన్నీ పోయాక ఆ బాత్రూముల దాకా ఒక్కతే వెళ్ళి రావడం మాత్రమే ఆవిడకి మిగిలింది. అది కూడా పోతుందేమోనని ఎంత భయపడుతోందో నాకు తెలుసు. అందుకే తిట్లు తింటూ నాలుగడుగుల వెనకే ఆగిపోయేదాన్ని.

గుండిగ పోయిన వారానికి అందరం మా అరుగు మీద కూర్చుని, కాంపౌండంతా లైట్లు పెట్టించాలని తీర్మానించాం. పోయింది నా గుండిగ, నోరు కూడా నాదే పెద్దది కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. మా ఆయనకి బావ వరసయ్యే కరెంటు పనాయన్ని మాకవరపాలెం నుంచి పిలిపించాను.

"పగలు సూత్తే ఏటి తెలుత్తాది సెల్లెమ్మా? సీకటి పడ్డాక తిరిగి సూడాల" అన్నాడాయన.

డిసెంబరు నెల, సాయంత్రం ఏడు. ఆయన ముందు, సుద్దముక్క పట్టుకుని నేను, మా వెనక ఆరు వాటాల జనం. ఎక్కడ నేల కనపడకపోతే అక్కడ గోడ మీద గుర్తు పెట్టడం నా పని. గేటు దగ్గర ఒకటి. నూతి దగ్గర ఒకటి. దొంగ గోడ దూకిన చోట ఒకటి. రెండు వాటాల మధ్య సందులో ఒకటి. లైటు తన కిటికీలోకి కొడుతుందని, నిద్ర పట్టదని మొదటి వాటా ఆయన గొడవకి దిగాడు. "దొంగొస్తే అసలే పట్టదు లెండి" అన్నాను. చివరికి వెలుతురు కిందకే పడేలా ప్రతి బల్బుకీ రేకు టోపీ పెట్టి, కనెక్షను అందరికీ ఉమ్మడిగా ఉన్న మోటారు మీటరు నుంచి లాగుదామని ఒప్పుకున్నారు.

బాత్రూములకి వెళ్ళే దారిలో నర్సమ్మగారి గోడ మలుపు దగ్గర, బట్టలుతికే బండ పక్కన కరెంటాయన ఆగాడు. అక్కడ నేల ఎర్రగా, బాగానే కనపడుతోంది. పైన నర్సమ్మగారి క్రిస్మస్ స్టారు. వెదురు బద్దలకి ఎర్ర కాయితం అంటించి, లోపల బల్బు పెట్టి ఏటా ఆవిడ అక్కడే కట్టేది.

"ఇక్కడ ఎలుగుంది గదేటి?" అన్నాడు.

"ఉందిగా, ఇంకోటెందుకు దండగ!" అన్నాను. ఆ మాట అన్నది నేనే. గుర్తు పెట్టకుండా సుద్దముక్క కొంగున ముడేసుకున్నాను.

పండగ ముందే నాలుగు లైట్లూ వెలిగాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను కూడా కాస్త పొంగిపోయాను, దాచుకోవడమెందుకు!

జనవరి వచ్చింది. కొత్త సంవత్సరం ప్రార్థనలు అయిపోయాక ఒక మధ్యాహ్నం నర్సమ్మగారు స్టారు దించి, పాత చీరలో చుట్టి బీరువా మీద పెట్టుకున్నారు. ఏటా జరిగేదే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం నేను తాలింపు వేస్తుండగా అత్త చెంబు పట్టుకుని వెళ్ళింది. పప్పు దించాను, అన్నం వార్చాను. ఆవిడ రాలేదు. గొణుక్కుంటూ వెళ్ళి చూద్దును కదా, ఆ మలుపులో చీకట్లో గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. ఊరికే నిలబడి ఉంది.

"ఇంతసేపూ ఇక్కడేం చేస్తున్నావత్తా? ఒక్క కేక వెయ్యలేవూ!" అని గయ్యిమన్నాను.

ఆవిడ తిరిగి కసరలేదు. నాకు భయమేసింది.

"ఒలమ్మా... నా కళ్ళు పోనాయే" అంది, ఎంతో చిన్నగా. "నిన్నటిదాకా సుక్క అగుపడింది. ఇయ్యాల నేదు."

అప్పుడు తెలిసింది నాకు. స్టారు కట్టినప్పటి నుంచీ ఆవిడ ఆ ఎర్రటి వెలుగు చూసుకుంటూ నడుస్తోంది. అది ఎదురుగా ఉంటే బాత్రూముల వైపు వెళ్తున్నట్టు, వీపు వెనక ఉంటే ఇంటివైపు. గుడ్డిదాన్నయిపోయానని అనుకుని, ఆ మాట కేకేసి చెప్పడానికి మనసొప్పక, చీకట్లో అలాగే నిలబడిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

"పోలేదత్తా, కళ్ళు పోలేదు. నర్సమ్మగారు స్టారు దించేశారు, అంతే. ఇటు చూడు, నూతి దగ్గర లైటు కనపడుతోందా?"

ఆవిణ్ణి భుజాలు పట్టి తిప్పాను. చాలాసేపు చూసింది.

"అగుపడతంది" అంది. బండ మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. కాసేపటికి తేరుకుని నన్ను అందుకుంది. "దించీముందు ఒక్క మాట సెప్పొద్దేటే!"

మా గొడవ విని నర్సమ్మగారు బయటికొచ్చారు. సంగతి విని లోపలికెళ్ళి, స్టూలు వేసుకుని, స్టారు మళ్ళీ కట్టేశారు.

"పండగ అయిపోయింది కదండీ, చర్చిలో ఏమైనా అనుకుంటారేమో" అన్నాను.

"పుట్టినాయన ఏమీ అనుకోడులే అమ్మా. పాస్టరుగారికి నేను చెప్పుకుంటాను."

దొంగ ఎటు నుంచి వస్తాడో చూసుకున్నాం గానీ మన మనిషి ఎటు నడుస్తుందో చూసుకోలేదు. మర్నాడు సాయంత్రం సుద్దముక్క తీసుకుని అత్త వెనకాల నడిచాను. ఆవిడ పాదం తడబడిన చోటల్లా గుర్తు పెట్టాను. అన్నీ ఆ మలుపులోనే పడ్డాయి. కరెంటాయన వచ్చి మలుపులో అయిదో లైటు బిగించాడు. అయినా నర్సమ్మగారు స్టారు దించలేదు. కాయితం వానకి తడిసి చిరిగితే ప్లాస్టిక్‌ది కొని కట్టారు. అది ఏడాది పొడుగునా వెలిగేది.

మూడేళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం అత్త తిరిగొస్తూ అదే మలుపులో ఆగిపోయింది. నేను నాలుగడుగుల వెనక ఉన్నాను.

"ఒలే, నర్సమ్మ సుక్క దించేసిందేటే?"

తలెత్తి చూశాను. స్టారు ఎర్రగా వెలుగుతోంది. పక్కన తెల్లగా అయిదో లైటు. గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న నర్సమ్మగారు చెయ్యి ఆపి నా వైపు చూశారు.

"అవునత్తా, దించేశారు. బల్బు పోయిందట" అన్నాను.

"అలగా" అంది. చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఖాళీ చెయ్యి నా వైపు చాపింది.

"అయితే సెయ్యియ్యి."

ఇచ్చాను. ఆ వెలుతుర్లో ఇద్దరం మెల్లగా ఇంటికి నడిచాం.